వరద కార్డు

గుణుపురం తహసీలు ఆఫీసుకి ఎదురుగా
జిరాక్సు కొట్టు అరుగు మీద నా బల్ల.
ఒడియా దస్తావేజుల్ని తెలుగు చేస్తాను,
పేజీకి అరవై రూపాయలు,
సిరా మరక పడితే పది తగ్గిస్తాను.

శనివారం, కచేరీ లేదు.
వాన అందుకున్నాక ముగ్గురు గుంటలు నా రేకు కిందకి దూరారు.
తంగుడు హేమసుందర్, వాడి జోడీ బిరంచి పాణిగ్రాహి,
హాస్టల్ నించి వచ్చిన సుశాంతి గమాంగ్.
చెప్పుల పెట్టెలో మెరిసే కార్డులు,
గుడ్డసంచిలో రంగురంగుల పాచికలు,
చుక్కలుండాల్సిన చోట పడవ, గొడ్డలి, చేప.
విశాఖపట్నంలో ప్యాకెట్టు నూట ఇరవయ్యట,
లోపలే కార్డుందో చించేదాకా తెలీదట.

"రైటరు గారూ, తగువు తీర్చండి."
కార్డు నా కళ్లజోడు కిందకి వచ్చింది.
బొమ్మలో ఎర్రనీళ్లు, తేలుతున్న గుమ్మం.
కింద చీమతలంత ఇంగ్లీషు, ఒకటే వాక్యం:
వరద వస్తే అవర్ డైస్ సంచిలోకి.

బిరంచి 'ఆమొ పాశా' అని చదివేశాడు.
ఒడియాలో అది అక్కడితో సరి,
ఎవరికీ ముల్లు గుచ్చుకోలేదు.
హేమసుందర్ తెలుగులో చెప్పబోయి
నోరు తెరిచి ఆగిపోయాడు.
మా పాచికలా?
మన పాచికలా?
మా అయితే కార్డు వేసినవాడివే పోతాయి.
మన అయితే ముగ్గురివీ మునుగుతాయి.
అసలు డైస్ అంటే ఒకటా, పదా,
అది ఇంకో తగువు, దానికి వాయిదా ఇచ్చాం.

కార్డు వేసింది బిరంచి.
గెలుస్తున్నది హేమసుందర్.
ఎవరి వ్యాకరణం ఎటు మొగ్గిందో చెప్పక్కర్లేదు.
"తెలుగు నీది కదాని అర్థం కూడా నీదేటి?" అన్నాడు బిరంచి,
నాకంటే మంచి తెలుగులో.
నేను కార్డు తిప్పి చూశాను,
వెనక సాక్షుల సంతకాలున్నాయేమో అన్నట్టు.

చెప్పొద్దూ, చెయ్యి కొంచెం వణికింది.
పందొమ్మిదేళ్ల కిందట, ఇదే బల్ల మీద,
బమ్మిడి వారి పంపకం కాగితం.
'ఆమొ కూఅ' అని ఉంది అందులో.
మధ్యాహ్నం, ఆకలి, బయట బస్సు హారను.
'మా బావి' అని రాసి ముద్ర కొట్టాను.
మన అని రాస్తే ఒక అక్షరం ఎక్కువయ్యేది, అంతే.
పెద్దాడికి చదవొచ్చింది తెలుగొక్కటే.
చిన్నాడి పెళ్లాం వంశధార దాకా నడిచి నీళ్లు మోసింది.
అన్నదమ్ములు రాయగడ కోర్టుకి పదకొండేళ్లు తిరిగారు.
ఇప్పుడా బావిలో ఇటుకముక్కలూ, ఒక సైకిలు టైరూ.
తప్పు రాయలేదు నేను. ఒప్పూ రాయలేదు.
కాగితం చెప్పకుండా ఊరుకున్నది
నేను చెప్పేశాను.

"ఎంతసేపండీ?"
ఈలోగా సుశాంతి తన మూడు పాచికలూ
సంచిలో వేసేసి కూర్చుంది.
ఎవరూ వెయ్యమనలేదు. వానని చూస్తోంది.

"మన" అన్నాను.
హేమసుందర్ నుదురు కొట్టుకున్నాడు.
"రాసివ్వండి. ముద్రేసి."
పాడైన జిరాక్సు కాగితం వెనక రాసిచ్చాను కూడా,
ఫీజు లేకుండా.
వాడు దాన్ని రెండుసార్లు చదివాడు,
ప్లీడరులా కళ్లు చికిలించి.
"మన అని రాసింది మీరు.
అంటే అందులో మీరూ ఉన్నట్టే.
మీ పాచికేదండీ?"

ఇన్నేళ్ల నా రాతలో
ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.
సుశాంతి సంచిలో చెయ్యి పెట్టి
ఆకుపచ్చది ఒకటి తీసి నా అరచేతిలో ఉంచింది.
తెలుగులో 'అండీ' తనకింకా అలవాటవలేదు.
"వెయ్యి" అంది.
"అంత లేదమ్మా" అన్నాను, జేబు తడుముకుంటూ.
వాళ్లకి నవ్వు రావడానికి కాస్త సమయం పట్టింది.

వేశాను.
స్టాంపు ప్యాడు అంచుకి తగిలి
బల్ల సందులోంచి జారి
కింద పాత ఫైళ్ల మధ్య ఎక్కడో పడింది,
పడవో, గొడ్డలో.
ముగ్గురూ మోకాళ్ల మీద దూరారు.
ఎవరూ ముట్టుకోవద్దు, పడింది పడినట్టే చూడాలని
బిరంచి అరుస్తున్నాడు.